గంజోళ్ళెవరూ లేరన్న రోజు

ఆ రోజుల్లో మేమెవరిమో చెప్పుకోడానికే మా వాళ్ళకి సగం ఓపిక అయిపోయేదండి. బళ్ళో చేర్పించేటప్పుడు మేష్టారు, రైల్లో ఎదురు సీటాయన, పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ఆవిడ, ఎవరో ఒకరు తలెత్తి "మీరేంటోళ్ళమ్మా?" అనడం, మేం "శ్రీ సమభావ సత్య భక్త సమాజం అండి" అని ఊపిరి బిగబట్టి అప్పజెప్పడం, వాళ్ళు కాసేపు మా మొహాలు చూసి "ఓహో, గంజోళ్ళా" అనడం. అంతే. అంత పొడుగు పేరూ గాల్లో కలిసిపోయేది. మళ్ళీ ఇంకోచోట మొదట్నించీ చెప్పాలి. నేను ఎనిమిదో తరగతితో చదువు మానేశానుగానీ, ఆ పేరు చెప్పిన సార్లు లెక్కేస్తే పదకొండో తరగతి దాకా చదివినంత శ్రమపడ్డా.

ఆ పేరు ఊరికే రాలేదు. మా సమాజం మొదలెట్టినాయన్ని పెద్దయ్యగారు అంటారు. నేను పుట్టకముందు ఓ తుఫాను ఏడు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ నీళ్ళలో ఉంటే, రేపల్లెలో ఆయన ఓ ఇత్తడి గుండిగ పొయ్యిమీద పెట్టి, వచ్చినోళ్ళకి వచ్చినట్టు గంజి పోశాడట. నీదే కులం, నీదే ఊరు అని అడగలేదు. దోసిలి పట్టమన్నాడు, పోశాడు. ఆ తర్వాత అక్కడే మా భజన మందిరం వెలిసింది. అందులో విగ్రహం ఉండదు. ఒక దీపం, దాని పక్కన ఆ గుండిగ. ఆదివారం భజన అయ్యాక పదెకరాల ఆసామైనా, ఆయన పొలంలో కూలికొచ్చేవాడైనా పక్కపక్కనే కూర్చుని దోసిలి పట్టి ఆ గంజే తాగాలి. (ఉప్పేసిన చల్లటి గంజి, నంజుకోడానికి ఉల్లిపాయ ముక్క. మాకు ప్రసాదం అంటే అదే. చిన్నప్పుడు పక్కింటి పిల్లలకి లడ్డూలూ పులిహోరలూ దొరుకుతుంటే నాకు ఏడుపొచ్చేది.) గంజి కాచేది మా అమ్మమ్మ. ఆవిడ తెనాలిలో కొడుకు దగ్గర ఉండకుండా రేపల్లెలో మా ఇంట్లోనే ఎందుకుందంటే, గుండిగ రేపల్లెలో ఉంది కాబట్టి.

ఆ తెనాలి కొడుకే మా మావయ్య. ఓ వకీలు దగ్గర గుమాస్తా. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. కోర్టు దగ్గర తోటి గుమాస్తాలు మధ్యాహ్నం క్యారేజీ విప్పగానే "ఏం మావా, ఇవాళ గంజి చిక్కగా ఉందా, పల్చగా ఉందా?" అనేవాళ్ళట. పన్నెండేళ్ళుగా అదే మాట, రోజూ అదే నవ్వు. ఇప్పుడు తలుచుకుంటే పాపం అనిపిస్తుంది గానీ, అప్పుడు నాకు ఆయన మాటలు పూనకంలా పట్టాయి. "వాళ్ళు నవ్వడానికి పెట్టిన పేరుకి మనం ఎందుకు పలకాలే? పలికినన్నాళ్ళూ నవ్వుతూనే ఉంటారు" అన్నాడు. మా నాన్నేమో "పోసింది గంజే కదా బావా, పాయసం కాదుగా" అన్నాడు. ఈ వాదన భజన మందిరంలో మూడు ఆదివారాలు నడిచి, ఆఖరికి అందరూ అలిసిపోయి, మావయ్య చెప్పిందానికే సరేనన్నారు. ఆ పేరుతో పిలిస్తే ఎవరూ పలకకూడదు. గంజోళ్ళెవరు అని అడిగితే, అలాంటోళ్ళు ఇక్కడ లేరని చెప్పాలి. సమాజం వార్షికోత్సవం నాటికి తెనాలిలో బోర్డు రాయించి మందిరానికి తగిలించాలి.

నేనప్పుడు తెనాలిలో మావయ్య ఇంట్లో ఉండి కుట్టు నేర్చుకుంటున్నా. పద్దెనిమిదేళ్ళు. నోరు చూస్తే ముప్ఫై ఏళ్ళది. మావయ్య నన్ను పిలిచి "నీకు వాగుడు ఎక్కువ కదా, దాన్ని ఓ పనికి వాడు" అన్నాడు. ఇంక చూడండి. బస్సులో, బజార్లో, కుట్టు నేర్పే టీచరమ్మ దగ్గర, ఎవరు గంజోళ్ళన్నా వాళ్ళని ఆపి పూర్తి పేరు చెప్పించేదాన్ని. రేపల్లె స్టేషన్ దగ్గర జట్కా తోలే సాయిబు గారినైతే మూడుసార్లు చెప్పించా. ఆయన ఓపిగ్గా చెప్పి, "అమ్మాయిగారూ, మీ గుడి పేరు నేను చెప్పేలోపు నా గుర్రం ఓ కునుకు తీసి లేస్తంది" అన్నాడు.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే బోర్డు తీసుకుని తెనాలి నుంచి రేపల్లె బండెక్కా. మావయ్య కోర్టు పని చూసుకుని మధ్యాహ్నం బస్సుకి వస్తానన్నాడు. నీలం రంగు మీద పసుపు అక్షరాలు, నా నడుమెత్తు బోర్డు. దాన్ని పాత దుప్పట్లో చుట్టి కాళ్ళ దగ్గర నిలబెట్టుకుని కూర్చున్నా. ఎదురుగా ఓ మామ్మగారు. ఎండకి ఎండిన మనిషి, ఒళ్ళో తెల్ల గుడ్డ మూట. బండి కదిలిన దగ్గర్నించీ నన్నే చూస్తూ ఉంది. కాసేపటికి అడిగింది.

"అమ్మాయ్, నీది రేపల్లేనా?"

"అవునండి."

"అక్కడ గంజోళ్ళ గుడికి ఎటెళ్ళాలి తల్లీ?"

మూడు నెలలుగా నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అది. వెన్ను నిటారుగా పెట్టుకుని, చిన్నగా నవ్వి, "గంజోళ్ళనే వాళ్ళెవరూ రేపల్లెలో లేరు మామ్మగారూ" అన్నా.

"లేకపోవడమేంటి? ఉండేవాళ్ళే."

"లేరండి. సమభావ సత్య భక్త సమాజం వాళ్ళయితే ఉన్నారు. కావాలంటే ఇదిగో" అని దుప్పటి కాస్త తొలగించి బోర్డు చూపించా.

ఆవిడ ఆ పసుపు అక్షరాల వంక చూసింది. "నాకు చదువు రాదమ్మా. ఆళ్ళెవరో పెద్దోళ్ళలా ఉన్నారు, ఆళ్ళతో నాకేం పని. నాక్కావలసింది గంజోళ్ళు" అంది. మూట మీద చేత్తో రాసుకుంటూ, "పోయారా అయితే" అనుకుంది తనలో తను.

అక్కడన్నా నా బుర్ర వెలగాలి కదండీ. వెలగలా. పైగా జాలిపడ్డా. బండి రేపల్లెలో ఆగాక "మీరు దిగి ఎండలో తిరగడమెందుకు మామ్మగారూ, ఇదే బండి మళ్ళీ తెనాలి వెళ్తుంది, ఇక్కడే కూర్చోండి" అని చెప్పా. టిక్కెట్టు కూడా నేనే వెళ్ళి తెచ్చిచ్చా. చెంబుతో నీళ్ళు పట్టిచ్చా. ఎండ మొహాన కొడుతుందని కిటికీ రెక్క దించి మరీ, బోర్డు చంకనెత్తుకుని, గెలిచినట్టు ఇంటికెళ్ళా.

ఇంటి దగ్గర అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. అప్పటికే ఆవిడకి చూపు బాగా తగ్గింది. ఆ ఏటితో గరిటె వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని అందరికీ చెప్పేసింది. అడుగుల చప్పుడు విని "ఎవరూ, మగ్గం వదినా?" అంది. నేనే అమ్మమ్మా అంటే, "నువ్వా. బండిలో ఈపురుపాలెం ఆవిడ ఎవరన్నా కనపడిందా?" అంది. మగ్గం వదిన కథ నేను చిన్నప్పుడు విన్నదే. తుఫాను ఏడు బంధువులింటికని రేపల్లె వైపొచ్చి నీళ్ళలో చిక్కుకుపోయిన సాలెల కోడలు. చంటిపిల్లతో ఉంటే అమ్మమ్మ తన చేత్తో గంజి పట్టింది. నెల్లాళ్ళు కలిసి గంజి కాచారు. వెళ్ళేటప్పుడు ఆవిడ, గుండిగ మూతికి వాసెన కట్టడానికి తన చేత్తో నేసిన గుడ్డ తెస్తానంది. ఇన్నేళ్ళూ వీలుపడలేదు. ఈసారి వస్తున్నట్టు ఎవరితోనో కబురు పెట్టిందట. తెనాలిలో ఉన్న నాకు ఆ కబురు తెలీదు.

"తెల్ల గుడ్డ మూటా అమ్మమ్మా?" అన్నా.

జరిగింది చెప్పా. అమ్మమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పేరు దాచుకుంటే దాచుకున్నారు, మనిషిని పంపించేయడమేంటే?" అంది. "ఇది నా చూపుకి ఆఖరి ఏడు. వెళ్ళి తీసుకురా" అంది.

స్టేషన్‌కి పరిగెత్తేసరికి బండి కదిలిపోతోంది. ఒక్కొక్క కిటికీ వెతుక్కుంటూ పరిగెత్తా. అన్నీ తెరిచే ఉన్నాయి, ఒక్కటి తప్ప. నేను దించిన రెక్క దించినట్టే ఉంది. "మామ్మగారూ" అని అరిచా. ఆవిడకి వినపడలా. బయటికొచ్చి ఏడుస్తుంటే జట్కా సాయిబు గారు "గంజోళ్ళమ్మాయీ, ఎక్కు, తెనాలి బస్సు అందుకుందాం" అన్నాడు. ఎక్కా. పేరు సరిదిద్దలేదు.

తెనాలి స్టేషన్లో బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజర్ కోసం బెంచీ మీద కూర్చుని ఉంది ఆవిడ. వెళ్ళి ఎదురుగా నిలబడ్డా. ఆయాసం.

"మామ్మగారూ, రండి. గంజోళ్ళున్నారు. మేమేనండి."

ఆవిడ మూట దగ్గరకి లాక్కుంది. "పొద్దున లేరన్నావు. ఇప్పుడు మీరేనంటున్నావు. నా మూట మీద కన్నేశావా ఏంటి?"

"లేదండీ ఒట్టు. సిగ్గేసి అబద్ధం చెప్పా."

"గంజి తాగడానికి సిగ్గేంటి? ఏదీ, నువ్వు గంజోళ్ళ పిల్లవైతే దోసిలి పాట పాడు."

గంజి పోసేటప్పుడు మా వాళ్ళు పాడే పాట అది. ప్లాట్‌ఫారం నిండా జనం. పక్క బెంచీ మీద నలుగురు కాలేజీ కుర్రాళ్ళు. నేను తెనాలిలో నైలాన్ వోణీ వేసుకుని, కళ్ళజోడు లేకపోయినా ఉన్నంత దర్జాగా తిరిగే మనిషిని. గొణిగినట్టు మొదలెట్టా. "వినపడట్లా" అంది ఆవిడ. ఇంక కళ్ళు మూసుకుని గొంతెత్తా.

"పట్టవమ్మా దోసిలి, పట్టవయ్యా దోసిలి,
ఏ ఊరని అడగదు గంజి, ఎవరివని అడగదు..."

కుర్రాళ్ళు నవ్వారు. ఒకడు "గంజి పాప" అన్నాడు. (ఆ పేరు కుట్టు క్లాసుకి మర్నాటికల్లా చేరింది. అది పోడానికి నా పెళ్ళి కావలసొచ్చింది.) రెండో చరణం నాకు సరిగ్గా రాదు. ఆగిపోతే, ఆవిడ అందుకుంది. వణికే గొంతుతో మొత్తం పాడేసి, మూట నా చేతికిచ్చి "పద" అంది.

మేం వెళ్ళేసరికి సాయంత్రం నాలుగున్నర. మందిరానికి బోర్డు తగిలించేశారు. మా ముందు బస్సుకి చేరిపోయిన మావయ్య, లోపల నిలబడి కొత్త నియమం రాసిన కాగితం చదువుతున్నాడు. నేను లోపలికి రమ్మంటే మామ్మగారు గడప దగ్గరే ఆగిపోయింది. "ఈ పిల్ల పొద్దునొకటి చెప్తది, మధ్యాహ్నం ఒకటి చెప్తది. మీరు చెప్పండయ్యా, ఇది గంజోళ్ళదేనా?" అంది అందరికీ వినపడేలా.

యాభై మంది ఉన్నాం. నియమం ప్రకారం ఎవరూ పలకకూడదు. యాభై మందీ మావయ్య వంక చూశారు. మావయ్య కాగితం వంక చూశాడు. గుండిగ వెనక నుంచి అమ్మమ్మ గొంతొచ్చింది.

"గంజోళ్ళమే వదినా. ఇంత ఆలస్యమైందేంటి?"

"నీ మనవరాలు నన్ను రేపల్లె చూపించి మళ్ళీ తెనాలి పంపించింది" అంటూ ఆవిడ లోపలికొచ్చింది. మూట విప్పితే తెల్లటి గుడ్డ, అంచుకి సన్నటి ఎర్ర గీత. అమ్మమ్మ దాన్ని చూడలేక వేళ్ళతో అంచు పొడుగూతా తడుముకుంది. ఇద్దరూ కలిసి వాసెన కట్టారు. మావయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వరసలో కూర్చుని దోసిలి పట్టాడు. (మానుకున్నాడనుకోకండి. మరుసటి ఏడు మళ్ళీ ఆ కాగితమే తీశాడు.)

ఇది జరిగి పదేళ్ళు దాటింది. అమ్మమ్మ లేదు. మామ్మగారు ఆ తర్వాత మళ్ళీ రాలేదు. గుడ్డ మాత్రం ఉంది. పేరు సంగతి ఇప్పటికీ తేలలేదు. పెళ్ళయి వచ్చిన ఈ బాపట్ల నుంచి ఏటా వార్షికోత్సవానికి వెళ్తా, ఏటా అదే వాదన, అవే మాటలు, వింటూ వింటూ నాకు కునుకొస్తుంది. బోర్డు రంగు వెలిసి, అక్షరాలు సగం పోయాయి. ఇక్కడ బాపట్లలో రవికలు కుట్టించుకోడానికొచ్చే వాళ్ళు మీరేంటోళ్ళమ్మా అంటే, ముందు పొడుగు పేరు చెప్తా, మావయ్య కోసం. వాళ్ళు అర్థంకాక చూస్తారు. అప్పుడు గంజోళ్ళమండి అంటా.

రేపల్లె బండెక్కినప్పుడల్లా ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. బోర్డు కాళ్ళ దగ్గర పెట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని. ఇదివరకు దాన్ని తలుచుకుంటే ఒళ్ళు మండేది. ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, ఎంత మర్యాదగా పంపించిందో. ఎండ తగలకుండా కిటికీ రెక్క కూడా దించింది.