పడుగులో చిక్కిన హాల్‌టికెట్

కాశిబుగ్గలో మా చిన్నతనం అంటే... ఎడమ మోకాలి కింద తెరిచిన పుస్తకం, కుడి చేతిలో రాట్నం పిడి.

బడికి వెళ్లేలోపు బాపు మగ్గానికి ఇరవై కండెలకు నూలు చుట్టాలి. నూలు తెగితే అమ్మ తిట్టేది, పాఠం రాకపోతే సారు కొట్టేవాడు. నేను ఎవరినీ నిరాశపరచలేదు లెండి...

ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు. రేపు మొదటి పరీక్ష అనగా, బాపు వీధిలో చీర నిలువు పోగుల పడుగు చాచి, బీము అనే కర్రదుంగకు చుడుతున్నాడు. చుట్టు మీద చుట్టు పడేటప్పుడు పోగులు కిందికి దిగబడకుండా మధ్యమధ్య కాగితాలు పెట్టాలి. అవి అందించడం నా పని.

అప్పుడొచ్చింది నాకు గొప్ప ఆలోచన... ఇంట్లో చూపించకుండా పాత నోట్‌బుక్కులో దాచిన మార్కుల కాగితాలున్నాయి కదా! పాఠం వల్లెవేస్తూ, చూడకుండానే ఒక్కొక్కటీ అందించేశా. చీరలు నేసేకొద్దీ బయటికొస్తాయి... అప్పటికి చూసుకుందాంలే అనుకున్నా.

మర్నాడు పొద్దున హాల్‌టికెట్ కోసం అదే నోట్‌బుక్కు తెరిచా.

లేదు!

మార్కుల కాగితాలతో పాటు అదీ బాపు చేతికి అందించేశానన్నమాట...

"బాపూ... హాల్‌టికెట్ బీముల ఉన్నట్టుంది."

"ఏ బీముల రా?"

"నిన్న చుట్టినం గదా..."

అప్పటికే పడుగు మగ్గానికి ఎక్కింది. రాత్రంతా కూర్చుని పోగులన్నీ పాత పడుగు కొసలకు అతికేశారు. శనివారంకల్లా నూలిచ్చిన సేటుకు చీరలివ్వాలి.

"ఇప్పుడు ఇప్పితే మళ్ల సుట్టి అతుకుడు రెండు రోజులైతదయ్యా!" అమ్మ గుండెలు బాదుకుంది.

బాపు కత్తి తీసి పోగులు కోసేశాడు! బీము భుజానెత్తుకుని వీధిలోకి నడిచాడు.

"ఓ మల్లన్నా! జర వచ్చి పట్టుర్రి, పోరడు పరీక్షకు పోవాలె!"

ఎదురింటి మల్లన్న, ఇంకో ముగ్గురు మగ్గాలు ఆపి పరుగెత్తుకొచ్చారు. పడుగు విప్పుతుంటే కాగితాలు రాలుతున్నాయి. మల్లన్న ఒకటి ఏరి గట్టిగా చదివాడు.

"లెక్కలు... నూటికి తొమ్మిది! ఇంగ్లీషు పదకొండు! ఓ బావా, నీ కొడుకు దాసుకునుడుల ఫస్టున్నడే!"

వీధి వీధంతా పకపకా నవ్వింది. చదువు రాని బాపు నా మొహంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నా...

అంతలో పోగులకు పెట్టిన గంజి వాసన కొడుతూ హాల్‌టికెట్ జారిపడింది.

"ఇదేనా?"

"ఆఁ..."

"మరి నిలవడ్డవేందిరా? ఉరుకు!"

సాయంత్రం దెబ్బలకు సిద్ధపడే ఇంటికొచ్చా. అమ్మా బాపూ తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నారు. భయంభయంగా రాట్నం ముందు కూర్చున్నా.

"దాని జోలికి రాకు," అన్నాడు బాపు తలెత్తకుండానే. "పరీక్షలయ్యేదాక కండెలు నేను సూసుకుంట. నీ బుక్కు నువ్వు సూసుకో."

ఆ మాటకు నోరెళ్లబెట్టా... దెబ్బ పడినా అంత అదిరిపోయేవాణ్ని కాదు.

పాసయ్యా. లెక్కల్లో ముప్పై ఆరు! పదో తరగతి దాటలేదనుకోండి... అది వేరే సంగతి.

ఇప్పుడు మా మనవళ్లకు చదువుకోవడానికి గది, బల్ల, కుర్చీ... హాల్‌టికెట్ పోతే ఫోన్లోంచి ఇంకోటి తీసుకుంటారు. మంచిదే. వాళ్ల పరీక్ష కోసం వీధిలో నలుగురు పనులాపి పరుగెత్తుకొచ్చే అవసరమే లేదు...

మీ చదువు కోసం మీ ఇంట్లో ఎవరు తమ పని ఆపుకున్నారు? ఉత్త లైకు కొట్టి జారుకోకండి... వాళ్ల పేరైనా ఒకసారి రాసి పోండి.