మేకు పట్టని బూటు

యూనివర్సిటీలో కేడెట్ల స్టోరు వరండాకు ఉత్తరం కొసన సామేలు కూర్చుంటాడు. అది ఉద్యోగం కాదు. ఎవరూ కాగితం రాసి ఇవ్వలేదు. పదమూడేళ్ల కింద కూర్చోమన్నారు, కూర్చున్నాడు. ముందు ఒక రాయి, మూడు కాళ్ల ఇనుప దిమ్మ, సుత్తి, పట్టుకారు. వెనక గోడ. గోడకు తల ఆనిన చోట సున్నం పోయింది.

పని మేకులు కొట్టడం. కేడెట్ల బూట్లు మందపాటి తోలు బూట్లు. అడుగుకు పదమూడు మేకులు, మడమకు లాడం లాంటి ఇనుప పట్టీ. మేకు ఊడితే కొట్టాలి, అడుగు అరిగితే మార్చాలి. కవాతు వేళ అరవై మంది ఒకేసారి కాలు దింపితే ఆ చప్పుడు ఆర్ట్స్ కాలేజీ రాతి గోడకు తగిలి వెనక్కి వచ్చేది. వరండాలో సామేలు తల ఎత్తకుండానే ఎవరి బూటుకు మేకు పోయిందో చెప్పేవాడు.

అతనిది జనగామ దగ్గర ఒక ఊరు. తండ్రి దొరకు కిర్రు చెప్పులు కుట్టేవాడు. రెండు తోళ్ల నడుమ ఎండిన తోలుముక్క పెట్టి, అడుగు వేస్తే కిర్రుమనేలా కుట్టడం అతనికే తెలిసిన విద్య. దొర ఇంకా కనపడకముందే చెప్పులు వినపడాలి. దొర ఉండే గడి ముందు నుంచి పోయేటప్పుడు తండ్రి తన చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. సామేలు పందొమ్మిదో ఏట సికింద్రాబాదు వచ్చాడు. అప్పుడు పెద్ద యుద్ధం జరుగుతోంది. సిపాయిల బూట్లు కుట్టే కార్ఖానాలో చేరాడు. మొదటిసారి బూటు తొడిగింది అక్కడే, కొలత చూడటానికి.

ఇప్పుడు లాలాపేట్‌లో ఇల్లు. భార్య రాహేలు టార్నాకలో ఒక ప్రొఫెసరు ఇంట్లో వంట చేస్తుంది.

అరవై ఏడు నవంబరులో స్టోరుకు కొత్త బూట్లు వచ్చాయి. సామేలు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పైన తోలు, అడుగు నల్ల రబ్బరు. రెండింటి మధ్య కుట్టు లేదు. వేడి మీద అతికించారు. అడుగున గాడులు తీసి ఉన్నాయి, తడిలో జారకుండా. వంచాడు, వంగింది. పాత బూటు అలా వంగేది కాదు. చేతిలో తూచి చూశాడు. పాతదాని బరువులో ముప్పాతిక ఉంటుందేమో.

"మంచి బూటు సాబ్," అన్నాడు.

సుబేదార్ వీరస్వామి నవ్వాడు. నల్లగొండ వైపు మనిషి. ఇరవై ఏళ్లు ఫౌజులో చేసి, కేడెట్లకు కవాతు నేర్పడానికి వచ్చాడు. "మంచిదే. నీకే మంచిది కాదు. కుట్టు లేదు, మేకు లేదు. ఇగ గీడ కూసొని ఏం చేస్తవ్, ఈగల్ని కొడ్తవా?"

"అరుగుతది కద సాబ్. అరగని బూటు ఇంక పుట్టలె."

"అరిగితే పారేసి కొత్తది ఇస్తరట. పై నుంచి కాగితం వచ్చింది."

సామేలు బూటును పెట్టెలో పెట్టాడు. ఆ రోజు అతను చేసిన పని రెండు బెల్టులకు బకిల్ కుట్టడం. మరునాడు అదీ లేదు.

వారం తర్వాత కొత్త బూట్లతో మొదటి కవాతు జరిగింది. అరవై మంది కాలు ఎత్తి దింపారు. మెత్తగా, దూదిమూటలు కింద వేసినట్టు వినపడింది. గోడ నుంచి ఏమీ తిరిగి రాలేదు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్న విద్యార్థులు నవ్వారు. ఎవరో పిల్లి కూత కూశారు.

సుబేదార్ నేరుగా వరండాకు వచ్చాడు.

"సామేలు. జనవరి ఇరవై ఆరుకు నేను పిల్లుల మందను తోల్కపోవాల్నా? అన్నిటికీ మేకులు కొట్టు. పదమూడు, పాత లెక్కనే. మడమకు పట్టీ."

"రబ్బరుకా సాబ్?"

"రబ్బరుకే. నీ జాగ నీకుంటది. యాడాదికి సరిపడ పని. ఏంది, సంతోషం లేదా?"

సంతోషించాల్సిన మాటే. మేకు ఉన్నంత కాలం వరండాలో చోటు ఉంటుంది. సామేలు వెంటనే ఔననలేదు.

"ఒక్క జత ఇయ్యుండ్రి. కొట్టి చూసి చెప్త."

పదకొండో నంబరు జత ఒకటి మిగిలి ఉంది. అంత పెద్ద పాదాలున్న కేడెట్ ఎవరూ లేరు. సామేలు వాటికి మేకులు కొట్టాడు. సుత్తి దెబ్బకు రబ్బరు లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది. అది అతనికి నచ్చలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, వేళ్ల వైపు గుడ్డలు కుక్కి ఆ బూట్లు తొడిగాడు.

రాహేలు గుమ్మంలో నిలబడి చూసింది. "పొద్దుగాల ప్రార్థన, పగటికి యుద్ధమా? ఎవల మీదికి?"

"కాచిగూడ దాక పోయొస్త."

"గా బూట్లల్ల నీ కాళ్లు యాడున్నయో ఎతుక్కోని పో."

టార్నాక దాటి, క్యాంపస్ నడుమ నుంచి, అడిక్‌మెట్ మీదుగా కాచిగూడ స్టేషను దాకా నడిచాడు. తారు రోడ్డు మీద మొదట్లో చప్పుడు బాగానే వచ్చింది. స్టేషను బెంచీ మీద కూర్చుని అడుగు తిప్పి చూశాడు. నాలుగు మేకులు లేవు. అవి ఉన్న చోట రంధ్రం కూడా సరిగా కనపడలేదు. తిరుగు దారిలో బొటనవేలి కింద ఏదో తగలసాగింది. కుక్కిన గుడ్డ లేకపోతే దిగేదే.

తోలు తడి తాగి ఉబ్బి మేకును పట్టుకుంటుంది. రబ్బరు సాగి వదిలేస్తుంది. ఊడిపోని మేకు, చుట్టూ గట్టి పట్టు లేక, ప్రతి అడుగుకూ కొంచెం కొంచెం పైకి ఎక్కుతుంది. ఇది అతనికి కాలితోనే అర్థమైంది.

టార్నాక చౌరస్తాలో లచ్చయ్య సైకిల్ షాపు ముందు ఆగాడు. లచ్చయ్య ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"ఏంది సామేలన్నా, ఇగ బూట్లకు గూడ పంక్చరా?"

"అవు. ఎట్లేస్తవో చూపియ్యి."

"నా పొట్ట కొడ్తవా?"

"నీ సైకిళ్ల జోలికి రాను తమ్మీ."

లచ్చయ్య చూపించాడు. ఆకురాయితో గరుకు చెయ్యాలి. సొల్యూషన్ రాయాలి. అందరూ తప్పు చేసేది అక్కడే, తడి మీదే అతికిస్తారు. వేలికి అంటనంత దాకా ఆగాలి. తర్వాత అదమాలి. సామేలు ఆ సాయంత్రం మిగిలిన మేకులు పీకి బూటు రంధ్రాలు మూశాడు. మొదట వేసిన అతుకులు ఊడాయి. గీకి మళ్లీ వేశాడు. మూడోసారి వేసినవి గోరుతో లాగినా రాలేదు.

సోమవారం ఆ జత సుబేదార్ ముందు పెట్టాడు.

"కాదు సాబ్. మేకు నిలవది. నిలిస్తే కాల్ల దిగుతది."

"పాతికేండ్ల సంది మేకులు కొట్టినోడివి, ఇప్పుడు చేతకాదంటవా?"

"చేతనైతది గనుకనే చెప్తున్న."

"చేతకానోళ్లు చెప్పే మాట గిట్లనే ఉంటది," అని సుబేదార్ ముందు వరుస పన్నెండు జతలూ సికింద్రాబాదులో ఇంకొకరి దగ్గరకు పంపించాడు. మరుసటి రోజుకు అవి మేకులతో తిరిగి వచ్చాయి. "ముందు వీటిని నడిపిస్త. బాగుంటే అన్నీ ఆడికే పోతయి. నువ్వు నీ రాయి ఎత్తుకో."

సామేలు రాయి ఎత్తలేదు. అక్కడే కూర్చున్నాడు.

కవాతు మొదలైంది. ముందు వరుస చప్పుడు చేసింది. సుబేదార్ మీసం కదిలింది. "ఇప్పుడు బాగున్నది చప్పుడు!" అని అరిచాడు. రెండు చుట్లు బాగానే సాగింది. మూడో చుట్టులో సామేలు తల ఎత్తాడు. పన్నెండు ఎడమ కాళ్లలో ఒకటి ఆలస్యంగా దిగుతోంది. ఆలస్యం కన్ను ఆర్పినంత. మళ్లీ విన్నాడు. కుడి కొసన ఉన్న పొడుగు పిల్లవాడు. పేరు జ్ఞానప్రకాశం, గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చాడు. వాడి ముఖంలో ఏమీ లేదు. గడ్డం ఇంకా పైకి పెట్టి నడుస్తున్నాడు.

కవాతు సాగుతుండగా ఆ నేల మీద ఇంకెవరూ కాలు పెట్టకూడదు. ప్రొఫెసర్లు కూడా చుట్టూ తిరిగి పోతారు. సామేలు లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, నేరుగా నడిచి వరుసకు ఎదురుగా నిలబడ్డాడు.

వరుస అతని మీదికి వస్తోంది. సుబేదార్ ఆపకపోతే గుద్దుకుంటారు.

"థమ్," అన్నాడు సుబేదార్.

వరుస ఆగింది. మెట్ల మీద మాటలు కూడా ఆగాయి.

"నీకు దిమాగ్ ఉన్నదా?" సుబేదార్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. అతను అరిచినప్పటికన్నా అలా అన్నప్పుడే కేడెట్లు భయపడతారు.

"ఉన్నది సాబ్. గా పిల్లగాని ఎడమ బూటు ఇప్పియ్యుండ్రి. ఏం లేకుంటే నేను ఇట్లనే ఇంటికి పోత. రేపటి సంది రాను."

సుబేదార్ అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత కుర్రవాడి వైపు తిరిగాడు. "విప్పు."

"నాకేం లేదండి," అన్నాడు జ్ఞానప్రకాశం.

"విప్పు."

మేజోడు మడమ దాకా ఎర్రగా తడిసింది. బూటు లోపల రెండు మేకు మొనలు పైకి లేచి ఉన్నాయి. సుబేదార్ వేలు పెట్టి చూశాడు. వేలు తీసి, మిగతా పదకొండు మంది వైపు చూశాడు.

"ఇంక ఎవలకన్న కుచ్చుకుంటున్నదా?"

ఒక చెయ్యి లేచింది. తర్వాత నాలుగు.

"నడుస్తుంటే నాకెందుకు చెప్పలేదురా?" జ్ఞానప్రకాశాన్ని అడిగాడు.

"చప్పుడు బాగుందన్నారు గదా అండి, మీరు."

సుబేదార్ బూటు కింద పడేశాడు. కుర్రవాణ్ణి భుజం కింద పట్టుకుని తనే వరండా దాకా నడిపించుకొచ్చి సామేలు పీట మీద కూర్చోబెట్టాడు. గాయం కడిగించి డిస్పెన్సరీకి పంపాడు. తర్వాత పన్నెండు జతలూ సామేలు ముందు పెట్టించాడు.

"సాయంత్రానికి తీసెయ్యి."

"తీసుడు సాయంత్రానికి అయితది. రంధ్రాలు మూసుడు ఎల్లుండికి. ఆరాలె. తడి మీద అతికిస్తే మళ్ల నా దగ్గరికే వస్తయి."

"రబ్బరు పని నీకెప్పుడు వచ్చింది?"

"మొన్న."

సుబేదార్ నవ్వబోయి మానుకున్నాడు. "మరి చప్పుడు?"

సామేలు పట్టుకారుతో మొదటి మేకు లాగాడు. "మా అయ్య చప్పుడు చెప్పులు కుట్టెటోడు సాబ్. తొడుక్కున్నాయన కాళ్ల గురించి ఎన్నడు ఎవడు అడగలె, అందరు చప్పుడే ఇన్నరు. ఈ బూటు నడిచేటోని కోసం చేసిండ్రు. ఇనవడనియ్యుండ్రి, ఇనవడకపోనియ్యుండ్రి."

లాగిన మేకును డబ్బాలో వేసి రెండోది అందుకున్నాడు.

"అయితే ఇగ నువ్వు గీడ ఏం చేస్తవో నువ్వే చెప్పు," అన్నాడు సుబేదార్. ఈసారి అది వెక్కిరింత కాదు. పైవాళ్లకు ఏం చెప్పాలో అతనికి నిజంగా తెలియలేదు.

"బూట్లు ఎట్ల ఇస్తున్నరు సాబ్? నంబర్ అడిగి చేతుల పెడ్తున్నరు. పోరగాళ్లకు వాళ్ల నంబర్ తెల్వది. సగం మంది ఇంతకుముందు బూటు తొడగలె. తోలుదైతే నెల రోజులకు కాలుకు తగ్గట్టు సాగుతది. ఇది సాగది, ఎట్ల చేసిండ్రో అట్లనే ఉంటది. కాలే చూసి ఇయ్యాలె. అరిగినయి పారెయ్యకుండ్రి, నాకియ్యుండ్రి, రబ్బరు అతుకులేస్త."

"కాగితం మీద ఏమని రాయాలె?"

"మీ ఇష్టం. నేను చదువుతనా?"

జనవరిలో రెండో విడత బూట్లు వచ్చాయి. ఈసారి కేడెట్లు స్టోరు కిటికీ దగ్గర కాక, మేజోళ్లతో వరండాలో వరుసగా నిలబడ్డారు. సామేలు ఒక్కొక్కరి పాదం తన మోకాలి మీద పెట్టుకుని చూశాడు. బూటు తొడిగించి, కాలివేళ్ల కొసన తన చేతి బొటనవేలితో నొక్కి, నాలుగు అడుగులు నడిపించాడు. ఆరో పిల్లవాడు నడిచి వచ్చి బాగుందన్నాడు.

"బాగలేదు బిడ్డా. సిగ్గుపడి చెప్తున్నవు. తియ్యి." సామేలు లోపలికి తల తిప్పాడు. "సాబ్, ఎనిమిదో నంబరు, ఎడల్పుది."

"తెస్తున్న," అని స్టోరు గదిలోంచి సుబేదార్ గొంతు వినపడింది. పెట్టెలు జరిపిన చప్పుడు. కొంచెం సేపటికి జత చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చి, సామేలు పక్కన పెట్టి, ఇంకో పెట్టె కోసం లోపలికి వెళ్లాడు.