కదలని అంకెలు

కంప్యూటర్‌కి కొత్త వస్తువేదైనా తగిలిస్తే రెండు ముక్కలుగా చిన్న మోత వస్తుంది. అందరూ వినేదే, ఎవరూ పట్టించుకోనిదే. నిన్న మా ఏలూరు ఆఫీసులో నా వెనక ఆ మోత వినబడగానే చేస్తున్న పని వదిలేశాను. తిరిగి చూస్తే, కొత్తగా చేరినావిడ హెడ్‌ఫోను తగిలించుకుంటోంది, పాపం. "ఏం పెట్టారండీ అది?" అన్నాను. నా నోట వచ్చిన ఆ గొంతు అచ్చం అనసూయ గారిదే. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడను ఎరగనివాళ్ళ కోసం, నా తప్పుతో సహా, ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను మండవల్లి దగ్గర పనిచేసేదాన్ని. చేపల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాలు పెట్టి, ఆ రీడింగులు చూస్తూ రైతుల్ని హెచ్చరించే చిన్న కంపెనీ మాది. కొల్లేటి పక్క చెరువుల్లో చేపకు గండమంతా తెల్లవారుజామునే. మబ్బు పట్టిన రోజైతే మరీను. రీడింగు మూడుకు దిగితే నేను ఫోన్ చేయాలి, రైతు ఏరేటర్లు వేయాలి. నీళ్ళు గిలకొట్టి గాలి ఎక్కించే ఆ మోటార్లు గంట ఆలస్యమైతే ఏడాది కష్టం తెల్లగా పైకి తేలుతుంది. అందుకే ఆ కంప్యూటర్‌కి కట్టుదిట్టాలు ఎక్కువ. ఏది పెట్టాలన్నా పాస్‌వర్డ్ అడిగేది. అది కంపెనీ మొత్తంలో అనసూయ గారొక్కరికే తెలుసు.

కంపెనీ కంప్యూటర్లన్నీ చూసుకునే ఆవిడ ఏలూరు నుంచి కైకలూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చేవారు. యాభై దాటిన మనిషి. చేతిసంచిలో స్క్రూడ్రైవరు, దుమ్ము దులిపే బ్రష్షు, కట్లకు వాడే తెల్ల ప్లాస్టరు చుట్ట. మౌసు మార్చినా సరే, ప్లాస్టరు ముక్క చించి, పెట్టినవాళ్ళ చేత పేరు రాయించి దానికి అంటించేవారు. "వస్తువు పేరు దాన్ని చేసినవాడు రాస్తాడమ్మా. మనిషి పేరు మనం రాయాలి," అనేవారు. పాస్‌వర్డ్ కొట్టే ముందు, "కాస్త కిటికీ వైపు తిరగండమ్మా," అని మర్యాదగా చెప్పేవారు. నాకు ఒళ్ళు మండేది. నేనేమైనా దొంగనా? ఒక వాన రోజు అలాగే తిరిగి నిలబడ్డాను. బయట చీకటిగా మబ్బేసింది. కిటికీ అద్దంలో, అవతలి చెరువు నీళ్ళ మీద తేలుతున్నట్టు, ఆవిడ వేళ్ళు కనబడ్డాయి. ఎనిమిది అక్షరాలు. చూడకూడదని తెలుసు, చూశాను.

ఆ కార్తీకంలో మేనేజరు గదిలోంచి నా కంప్యూటర్‌కి వచ్చే నెట్ కేబుల్‌ని ఎలకలు కొరికేశాయి. అనసూయ గారేమో జ్వరంతో మంచమెక్కారు. "రెండు రోజులు ఓపిక పట్టండి. అందాకా కాపలావాళ్ళ చేత చేతి మీటరుతో కొలిపించండి," అని ఫోన్‌లో చెప్పారు. ఎనిమిది చెరువులకు గంటగంటకూ ఫోన్లు చేసే ఓపిక నాకు లేదు. కేబుల్ లేకుండా నెట్ అందుకునే వేలెడంత వైఫై ముక్క కొనుక్కొచ్చి కంప్యూటర్ వెనక తగిలించాను. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తీసుకుంది. ఎంత గర్వపడ్డానో!

తెర మీద దగ్గర్లోని వైఫై పేర్లు వచ్చాయి. పైన మా ఆఫీసుది. దాని కింద, "కోటయ్య". మా ఆఫీసు వెనక సత్తిరాజు గారి చెరువుకు కోటయ్య కాపలాదారు. పాము కరిచి పోయి అప్పటికి పదిహేను రోజులు. గట్టు మీద అతని గుడిసెకు తాళం వేసి ఉంది. రోజూ తెల్లవారగానే "లేచారా అమ్మా" అంటూ నాకు ఫోన్ చేసే మనిషి పేరు, అక్కడ వెలుగుతూ ఉంది. పాస్‌వర్డ్ కూడా లేదు. చెయ్యి ఆగలేదు, ఒక్కసారి నొక్కాను. కలిసింది. భయమేసి వెంటనే ఆఫీసు వైఫైకి మార్చేశాను. ఒకసారి కలిసినదాన్ని కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుందని నాకు తట్టలేదు.

మర్నాడు తెల్లవారేసరికి మంచు ముసురుకుంది, కిటికీలోంచి చెరువే కనబడలేదు. కరెంటు పోయింది. బ్యాటరీ మీద నా కంప్యూటర్ నడుస్తూనే ఉంది. రీడింగులన్నీ అయిదు పైనే. హాయిగా టీ తాగుతుంటే అనసూయ గారి ఫోన్.

"విజయా, కాపలావాళ్ళు ఏమంటున్నారమ్మా?"

"మీటర్లు అక్కర్లేదండీ మేడమ్, నెట్ వచ్చేసింది. అన్నీ అయిదు పైనే."

"ఇంత మంచులోనా? ఎంతసేపటి నుంచి?"

"నలభై నిమిషాలుగా అలాగే ఉన్నాయండీ."

"బతికున్న నీళ్ళ రీడింగు అలా నిలబడి ఉండదమ్మా. ఎక్కడి నీళ్ళు చూస్తున్నారు మీరు?"

తెర కింద మూల చూశాను. కరెంటుతో పాటు ఆఫీసు వైఫై ఆగిపోయింది. కంప్యూటర్ తనంతట తానే కోటయ్యను వెతుక్కుని కలిసింది.

రైతులకు ఫోన్లు చేస్తూ బయటికి పరుగెత్తాను. సత్తిరాజు గారి ఫోన్ ఎంతకీ కలవలేదు. గట్టెక్కితే మంచులో ఏమీ కనబడదు, వినబడుతోంది. వేల నోళ్ళు ఒక్కసారిగా పెదాలు చప్పరిస్తున్న చప్పుడు. చేపలు గాలి కోసం పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. తాళం వేసిన గుడిసెలో, తడికె సందుల్లోంచి, ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతోంది. చుట్టుపక్కల చెరువుల రీడింగులు పోగుచేసే మా కంపెనీ పాత పెట్టె అది, వైఫైకి కోటయ్య పేరే పెట్టారు, గుడిసె మీది సోలారు పలకతో నడుస్తోంది. కోటయ్య ఫోన్ నుంచే దానికి నెట్ అందేదట, అది లేకపోతే తన దగ్గర మిగిలిన చివరి అంకెలే మళ్ళీ మళ్ళీ ఇస్తుందట, తర్వాత తెలిసింది. పొద్దుట్నుంచీ నేను చూస్తున్నవి, కోటయ్య బతికున్న చివరి ఉదయం నాటి చెరువులు.

మిగతావాళ్ళు డీజిల్ జనరేటర్లతో ఏరేటర్లు వేసి చేపను దక్కించుకున్నారు. సత్తిరాజు గారు వచ్చేసరికి ఆయన చెరువులో సగం చేప పోయింది. ఇంకో వారంలో వలలేసి పట్టి అమ్మాల్సిన చేప.

మధ్యాహ్నానికి అనసూయ గారు జ్వరంతోనే వచ్చారు. కరెంటు వల్లే ఇదంతా అని అందరూ తేల్చేశారు. ఆవిడ కంప్యూటర్ వెనక్కి వంగి చూశారు. ఎవరు పెట్టారని అడగలేదు. ప్లాస్టరు ముక్క చించి, పెన్నుతో పాటు నా ముందు పెట్టారు. నా పేరు రాశాను.

"పదండమ్మా, సత్తిరాజు గారికి చెబుదాం."

"ఆయన కరెంటు వల్లేనని అనుకుంటున్నారండీ..."

"అందుకే చెప్పాలి."

సత్తిరాజు గారు గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. నీళ్ళ మీద అంత తెలుపు, ఒక్క కొంగ కూడా వాలలేదు. నేను మొత్తం చెప్పాను, దొంగచాటుగా చూసిన పాస్‌వర్డ్‌తో సహా. అనసూయ గారు నా తరఫున ఒక్క మాట కలపలేదు. ఆయన గుడిసె వైపు చూసి, "ఆ పెట్టె తీసేయమని కోటయ్య పోగానే మీ వాళ్ళు చెప్పారమ్మా. ఆ దీపం వెలుగుతుంటే మావాడు లోపలున్నట్టే ఉండేది. నేనే తీయనివ్వలేదు," అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

తిరిగొచ్చాక అనసూయ గారు కొత్త పాస్‌వర్డ్ పెట్టారు. నేను అలవాటుగా కిటికీ వైపు తిరిగాను. "ఇటు రండి, మీరే కొట్టండి. ఇకనుంచి ఇది మీ దగ్గరే ఉంటుంది," అన్నారు.

"నాకెందుకండీ మేడమ్, ఇంత జరిగాక?"

"ఇంత జరిగింది కాబట్టేనమ్మా. మీకు భయం తెలుసు. మిగతావాళ్ళకి తెలియదు."

ఆవిడ ఇచ్చిన ఆ భయంతోనే ఇన్నేళ్ళూ ఉద్యోగం చేస్తున్నాను. ఇవాళ్టికీ ఎవరైనా ఏదో పెట్టమని అడిగితే, ముందు ఎవరో ఒక కాపలావాడికి ఫోన్ చేసి, చేపలు అడుగున ఉన్నాయా పైకొచ్చాయా అని అడుగుతాను. అడుగునే ఉన్నాయండీ అని బతికున్న గొంతు ఒకటి చెప్పాకే, పాస్‌వర్డ్ కొట్టడానికి నా వేళ్ళు కదులుతాయి.