మ్యాపులో నిలిచిన ఎర్రకుంట

2009 మార్చిలో నన్ను జర్మనీ డెస్కుకు మార్చారు. డెస్కు జర్మనీలో లేదు. మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో, మా ఆఫీసు రెండో అంతస్తులో, కిటికీల వరసలో ఉన్న కొన్ని బల్లలకు ఆ పేరు. కార్లలో దారి చూపించే పరికరాలకు మ్యాపులు తయారుచేసే సంస్థ మాది. ఎడిటర్లు రోడ్లూ పేర్లూ సరిచేస్తారు. సీనియర్ ఎడిటర్ ఆ మార్పులను పరీక్షించి ఆమోదిస్తారు. ఆపైన ఉండే రీజియన్ లీడ్ ఏ మార్పు ఏ విడుదలలోకి వెళ్ళాలో తేలుస్తారు. నేను సీనియర్ ఎడిటర్‌ని. అంతకుముందు హైదరాబాదులో సర్వే శాఖలో పనిచేశాను కాబట్టి, ఎండలో నిలబడి కొలిచిన మ్యాపుకూ కుర్చీలో కూర్చుని చేసే మ్యాపుకూ తేడా నాకు తెలుసు.

నాకు అప్పగించిన పని బవేరియా ప్రాంతంలో ఊరి పేర్ల ప్రక్షాళన. మేము కొన్న పేర్ల పట్టిక పాతది. అందులో ఎప్పుడో పాడుబడ్డ పశువుల కొట్టాలూ, ఇప్పుడెవరూ ఉండని పొలం ఇళ్ళూ కూడా ఊళ్ళుగా నమోదై ఉన్నాయి. వాటిని ఏరివేయడానికి ఒక నిబంధన పెట్టుకున్నాం. ఊరికి సొంత పంచాయతీ లేకపోయినా, వీధి పేర్లు లేకపోయినా, రోడ్డు మీద ఊరి బోర్డు ఉంటే పేరు ఉంచాలి. మూడూ లేకపోతే తొలగించాలి. బోర్డులను మేము వెతకనక్కర్లేదు. కెమెరాలు బిగించిన మా కార్లు రోడ్లన్నీ తిరిగి వీడియో తీస్తాయి, అందులోంచి బోర్డులను ఒక ప్రోగ్రాం ఏరుతుంది.

ఆ ప్రాంతాన్ని నాతో కలిసి చూసిన ఎడిటర్ ప్రణీత. వరంగల్ అమ్మాయి, మిషిగన్‌లోనే మాస్టర్స్ చేసి మా దగ్గర చేరింది. ఆఫీసులో అందరిలాగే నన్ను ‘విజయా’ అని పిలిచేది. పార్కింగ్ లాట్‌లోకి రాగానే ‘ఆంటీ’ అయిపోయేదాన్ని.

ఏప్రిల్‌లో ఒకరోజు ఫిర్యాదుల విభాగం ఒక ఫోను కాల్‌ను నాకు బదిలీ చేసింది. పిలిచినావిడ పేరు ఎర్నా. ఎనభై దాటిన వితంతువు. ట్రాయ్‌కి ఉత్తరాన గంటన్నర దూరంలో, సాగినా లోయలో, షుగర్ బీట్ పండించే కుటుంబం. ఆ ఆగస్టులో ముప్ఫైమంది బంధువులతో జర్మనీ వెళ్ళి, బస్సు మాట్లాడుకుని, పూర్వీకులు వదిలివచ్చిన పల్లెకు వెళ్ళాలని వాళ్ళ సంకల్పం. అక్కడ కాన్రాడ్ అనే దూరపు అన్నయ్యకు తొంభయ్యో పుట్టినరోజు. మనవడు యూరప్ మ్యాపున్న పరికరం కొనుక్కొచ్చి పల్లె పేరు కొడితే, అది దారిని కొండకింద లోయలో ఉన్న పెద్ద ఊరి చర్చి దగ్గర ముగించిందట.

“మా వాళ్ళు ఆ చర్చి నుంచి నడుచుకుంటూనే అమెరికాకు బయల్దేరారు. మళ్ళీ అక్కడే దింపుతానంటుందేమిటి మీ పెట్టె?” అన్నారావిడ.

పల్లె పేరు రోటెన్‌హ్యుల్. తెరిచి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. ఆ పల్లెలో వీధులకు పేర్లు లేవు. పల్లె పేరు, ఇంటి నంబరు, అంతే చిరునామా. మా ప్రోగ్రాం దాన్ని వీధి పేరనుకుంది. అలాంటి వీధి దొరక్క ఇళ్ళన్నిటినీ లోయలోని చర్చికి అంటించింది. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి, వచ్చే విడుదలలో ఆ పేరు పూర్తిగా పోబోతోంది. తొలగింపుల వరసలో నా ఆమోదం కోసమే ఎదురుచూస్తోంది. ఆ మాట దాచకుండా చెప్పాను. “శనివారం భోజనానికి రండి. లేని ఊరి గురించి చెబుతాను,” అన్నారావిడ.

విమానం నుంచి తీసిన ఫొటో ప్రణీత తెరిచింది. “విజయా, ఇది చూడు. నడుమ చెరువు, చుట్టూ ఇండ్లు, రింగ్ లెక్క ఉన్నది. ఇంత నీట్‌గా ఉన్న ఊరిని ఎట్ల డిలీట్ చేస్తం?” అంది. లీడ్ టామ్‌కు చూపిస్తే, కప్పులు కనిపిస్తే ఇళ్ళున్నాయని తెలుస్తుందే గానీ వాటి పేరు తెలియదని అన్నాడు. అది మా వృత్తిలో సరైన మాటే. మే నెలాఖరుకు డేటా ఫ్రీజ్, అంటే ఆ తర్వాత ఎవరూ ఏదీ మార్చకూడదు. ఒక్క పల్లె కోసం మినహాయింపు అడిగితే రేపు ప్రతివాడూ అడుగుతాడని కూడా అన్నాడు.

శనివారం పొద్దున్నే నేనూ ప్రణీతా బయల్దేరాం. ఫ్లింట్ దాటాక నేల బల్లపరుపుగా మారింది. నల్లమట్టి, కనుచూపుమేర పొలాలు, ప్రతి పొలం అంచునా లోతైన మురుగు కాలవ. ఎర్నా గారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. పొడుగ్గా, నిటారుగా, రబ్బరు బూట్లలో. మాకు మాంసం పనికిరాదని ముందే అడిగి తెలుసుకుని, బంగాళాదుంపల కూరా, నూనెలో వేయించిన పిండివంటా సిద్ధం చేశారు. ఆ వంట మా బూరెలంత బంగారు రంగులో, మధ్యలో కాగితంలా పల్చగా, అంచు మందంగా ఉండి, పైన పంచదార చల్లి ఉంది. ప్రణీత మూడోది అందుకుంటుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

తింటూండగానే పల్లె సంగతి చెప్పారు. బవేరియాలోనే ఫ్రాంకోనియా అనే ప్రాంతంలో, సున్నపురాతి పీఠభూమి మీద ఉంది ఆ ఊరు. సున్నపురాయి నీటిని నిలవనివ్వదు. పడ్డ వాన పడ్డట్టే పగుళ్ళలోంచి దిగిపోయి లోయలో ఊటగా తేలుతుంది. పైన వాగు లేదు, బావి తవ్వినా తగలదు. అయినా ఒక్కచోట ఎర్రటి బంకమట్టి దొరికింది. అడవి కొట్టుకుంటూ వచ్చిన తొలి కుటుంబాలు అక్కడ గుంట తవ్వి, అడుగున ఆ మట్టిని తొక్కి తొక్కి గట్టిచేసి, వాననీటిని పట్టుకున్నాయి. ఆ నీటి చుట్టూనే ఇళ్ళు. ‘హ్యుల్’ అంటే అలాంటి కుంట, ‘రోటెన్’ అంటే ఎర్రని.

నేను చెంచా కింద పెట్టేశాను. “ఎర్రకుంట!” అన్నాను తెలుగులో. మా అనంతపురం జిల్లాలో ఎర్రకుంటలు లేని తాలూకా ఉండదు. వాన తక్కువ, నేల గట్టి, నీటి చుట్టూ ఊరు. నేను వివరించి చెబితే ఎర్నా గారు బల్ల మీద చరిచి నవ్వారు. “అయితే మనం ఒకే ఊరివాళ్ళం,” అన్నారు.

మిగతా చరిత్రా చెప్పారు. పెద్ద యుద్ధాల కాలంలో ఆ పల్లె ఒకసారి ఖాళీ అయిందట. మళ్ళీ వచ్చినవాళ్ళు ముందు కుంట పూడిక తీసి, తర్వాతే ఇళ్ళు కట్టుకున్నారట. రాళ్ళ పొలాలు, గొర్రెలు, కొన్ని చెర్రీ తోటలు తప్ప ఆధారం లేకపోవడంతో, పందొమ్మిదో శతాబ్దం మధ్యలో సగంమంది మిషిగన్‌కు వలస వచ్చారు. ఇక్కడ వాళ్ళకు దొరికింది బురద నేల. నీటిని దాచుకోవడంలో ఆరితేరినవాళ్ళు దాన్ని బయటికి పంపే కాలవలు తవ్వడం నేర్చుకోవలసి వచ్చింది. “మా తాతయ్య పోయేదాకా ఆ కాలవల్ని చూసి, ఎంత నీరు వృథా అని బాధపడేవాడు,” అన్నారావిడ. పల్లెకు కొళాయిలు వచ్చినా కుంటను మాత్రం ఎవరూ పూడ్చలేదు. డెబ్భైలలో ప్రభుత్వం చిన్న పంచాయతీలను కలిపేసినప్పుడు రోటెన్‌హ్యుల్ కాగితం మీద లోయలోని ఊరిలో భాగమైంది.

పల్లెలో ఇప్పుడు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. సమాధానంగా ఆవిడ ఫోను తీసి కాన్రాడ్‌కు కలిపి స్పీకరులో పెట్టారు. అక్కడ సాయంత్రం కావస్తోంది. ముందుగా ఇద్దరూ తమ యాసలో గట్టిగా పలకరించుకున్నారు. ఆ యాస పుస్తకాల జర్మన్ కాదని, మిషిగన్‌లో దాన్ని మాట్లాడేవాళ్ళు తనతో సహా కొద్దిమందే మిగిలారని నాకు తర్వాత చెప్పారు. నేను ఇంగ్లీషులో అడగడం, ఆవిడ అటు చెప్పడం, అటునుంచి వచ్చింది నాకు చెప్పడం, ఇలా సాగింది సంభాషణ.

తొమ్మిది ఇళ్ళూ నిండుగానే ఉన్నాయట. పాల లారీ రోజూ వస్తుందట. కొత్త డ్రైవరైతే మాత్రం చర్చి దగ్గర ఆగి ఫోను చేస్తాడట.

“మీ ఊరి మొదట్లో పసుపు బోర్డు ఉందా, అడగండి,” అన్నాను.

ఆవిడ అడిగారు. అటునుంచి పెద్దాయన నవ్వు ఆ వంటిల్లంతా వినిపించింది.

“పసుపుదా? అది కిందివాళ్ళకి. మాది ఆకుపచ్చది. అందరికీ తెలుసుగా!”

ప్రణీత నావైపు చూసింది. నేను తనవైపు చూశాను. అందరికీ తెలిసిన ఆ సంగతి మా డెస్కులో ఒక్కరికీ తెలియదు. జర్మనీలో పసుపు బోర్డు పట్టణ పరిమితిని చెబుతుంది, అక్కడినుంచి వేగం తగ్గించాలి. నాలుగిళ్ళ పల్లెకు వేగం నిబంధన ఉండదు కాబట్టి పేరు మాత్రమే చెప్పే ఆకుపచ్చ బోర్డు పెడతారు. బోర్డులు ఏరే మా ప్రోగ్రాంకు నేర్పింది పసుపు రంగు ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో ప్రణీత డ్రైవ్ చేస్తూనే లెక్కలు వేసింది. “ఆంటీ, అంటే ఇదొక్కటే కాదు. గ్రీన్ బోర్డులున్న ఊర్లన్నీ డిలీట్ క్యూలోనే ఉంటయ్. మనం ఎక్సెప్షన్ అడగొద్దు. రూల్ తప్పని ప్రూవ్ చేద్దాం.”

సోమవారం మధ్యాహ్నానికల్లా తను పాత వీడియో తవ్వితీసింది. మా కెమెరా కారు ఆ పల్లె మీదుగానే వెళ్ళింది. తెర మీద పచ్చిక గట్టు, దాని పక్కన ఆకుపచ్చ బోర్డు, పసుపు అక్షరాల్లో ‘రోటెన్‌హ్యుల్’, వెనక ఒక ఆవు. టామ్ వచ్చి నిలబడ్డాడు. ఒకసారి వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. బోర్డు ముందునుంచే వెళ్ళి ఊరు లేదన్నామా అని అడిగి, తనే నవ్వేశాడు. నిబంధన మార్చాలంటే తొలగింపుల వరస మొత్తం మళ్ళీ చూడాలి, ఫ్రీజ్ దగ్గరపడుతోంది. అయినా ఫ్రాన్స్ డెస్కు నుంచి ఇద్దరిని అప్పు తెచ్చి మాకిచ్చాడు.

ఆ మే నెలంత సరదాగా నేను ఎన్నడూ పనిచేయలేదు. ఎవరికి ఆకుపచ్చ బోర్డు దొరికినా పేరు గట్టిగా చదివేవారు, మిగతావాళ్ళు అర్థం వెతికేవారు. ఏదో ఒక చెట్టు, తోడేలు, అందరూ మరచిపోయిన పిండిమర యజమాని, ఇలా ఒక్కో పల్లె తన చరిత్ర తానే చెప్పేది. అక్కడ హ్యుల్‌తో ముగిసే పేర్లు ఎన్నో కనిపించాయి. నేను వాటిని తెలుగు చేస్తుంటే ప్రణీత “ఇది కడప, ఇది మహబూబ్‌నగర్” అని జిల్లాలు పంచేది.

ఆఖరున ఒక చిక్కు వచ్చింది. ఊరి బిందువును ఇళ్ళన్నిటి సగటు స్థానంలో పెట్టడం మా పద్ధతి. ఇళ్ళు వలయంగా ఉన్నాయి కాబట్టి రోటెన్‌హ్యుల్ సగటు సరిగ్గా కుంట నడిమధ్యన పడింది. అలాగే వదిలేస్తే ముప్ఫైమంది ఉన్న బస్సును పరికరం నీళ్ళలోకి పంపుతుంది. పేరు కనిపించే బిందువునూ, బండి ఆగే బిందువునూ విడదీద్దామని ప్రణీతే సూచించింది. పేరు నీటి మీదే ఉంచాం, ఎందుకంటే ఊరి నడిబొడ్డు అదే. బండి ఆగే చోటును అగ్నిమాపక పరికరాల గది ముందుకు జరిపాం. నేను ఆమోదించాను. ఫ్రీజ్‌కు ముందురోజు అది విడుదలలో చేరింది.

ఆగస్టు చివరలో, ఒక ఉదయం, ఎర్నా గారి నుంచి ఫోను వచ్చింది. వెనక ఇత్తడి బాకాల మోత, పిల్లల కేకలు. మనవడు కొత్త మ్యాపు ఎక్కించిన పరికరం దారి చూపితే, బస్సు చర్చి దాటి కొండెక్కిందట. అగ్నిమాపక గది ముందు ఆగి పరికరం ‘గమ్యం చేరుకున్నారు’ అనగానే బస్సంతా చప్పట్లు కొట్టిందట. కాన్రాడ్ కొత్త టోపీ పెట్టుకుని, రెండు కుర్చీలు వేసుకుని కుంట గట్టునే కూర్చున్నాడట. ఆవిడ యాసలోని పాత మాటలు విని, ఇలాంటివి తమ అమ్మల తర్వాత ఎవరి నోటా వినలేదని అక్కడి ముసలివాళ్ళు చుట్టూ మూగారట. పాల లారీ డ్రైవరును కూడా భోజనానికి పిలిచారట. కుంటలో పడ్డ బిందువు సంగతి నేను ముందే చెప్పింది గుర్తుపెట్టుకుని, “మా మనవలు కుంటలో దూకేశారు, బస్సు దూకలేదు,” అని చెప్పి పకపకా నవ్వారావిడ. నేను స్పీకరు ఆన్ చేశాను. డెస్కు మొత్తం లేచి నిలబడి విన్నది. టామ్ కూడా.

ఆ సంవత్సరం తొలగింపు నిబంధనకు ఒక వాక్యం చేర్చాం. పేరు తీసేసే ముందు అక్కడి మనిషిని ఒకరినైనా అడగాలి. దానివల్ల పని కొంత నెమ్మదించింది, మ్యాపు మెరుగైంది. 2014లో రిటైరయ్యేదాకా కొత్త ఎడిటర్లకు నేను చెప్పింది ఇదే: ఊరు కనబడలేదంటే మన పరికరం చూడలేదని మాత్రమే అర్థం. ఊరు లేదనడానికి వేరే ఆధారం కావాలి.