నారింజ బిళ్ల చేప

“...చిన్నదాన్నే వదిలానంటున్నానుగా!”

“పెద్దదాన్ని వదిలావు బావా, నా కళ్లముందే!”

పడవలో బావమరిది ఓటిస్‌తో వాదిస్తున్న డెల్మర్‌కు అరవై రెండేళ్లు. గంటర్స్‌విల్ సరస్సులో చేపల పందెం ఉన్న ప్రతి శనివారం గాలాలు మూడుసార్లు, పడవ అడుగున నీళ్లు రాకుండా బిగించే బిరడా నాలుగుసార్లు చూసుకుంటాడు. మొత్తం బరువు ఎక్కువున్నవాళ్లదే గెలుపు, కానీ తూకానికి ఐదు బాస్ చేపలే తేవాలి. ఆరోది పడితే చిన్నదాన్ని వదిలేయాలి. పొరబడకుండా చిన్నదానికి ఎర్ర బిళ్ల, పెద్దదానికి నారింజ బిళ్ల తగిలించి పడవలోని నీళ్లతొట్టిలో ఉంచుతాడు. పదకొండేళ్లలో ఒక్క బహుమతీ రాలేదు. ఇవాళ నారింజ చేపే ఏడు పౌండ్లు, గెలుపు ఖాయమనుకున్నాడు. అంతలో ఆరోది పడింది. తుంపరలతో మసకబారిన కళ్లద్దాలు తీసి జేబులో వేసుకుని, బిళ్ల ఎర్రగా తోచిన చేపను సరస్సులోకి జారవిడిచాడు.

ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని తొట్టిలోకి వంగాడు. ఎర్ర బిళ్ల అందులోనే తిరుగుతోంది.

“తూకానికి పావుగంటే ఉంది,” అన్నాడు ఓటిస్.

డెల్మర్ నెమ్మదిగా గాలం చుట్టాడు.

“ఇకమీదట నేను ఆరో చేప పట్టను.”