చెయ్యి పెట్టచ్చా అని అడిగినవాడు

మొదటి దెబ్బ మరమగ్గాలు బాగుచేసే మిస్త్రీ భుజం మీద పడింది. చేతిలోని చాయ్ గ్లాసు ఎగిరి గోడకు తగిలి పగిలింది. రెండో దెబ్బ కనుబొమ్మను చీల్చింది. కొట్టినవాడి కుడిచెయ్యి మణికట్టు నుంచి కొసదాకా తెల్లటి కట్టులో ఉంది. పాత మరమగ్గంలో, మా మాటలో సాంచాలో, పేక అనే అడ్డపోగును మోసే నాడెను తన్నే కర్ర అతని ఎడమచేతిలో ఉంది. అలవాటు లేని చెయ్యి కాబట్టి దెబ్బలు పక్కకు పోతున్నాయి. లేకపోతే ఆ పొద్దున చాయ్ బండి దగ్గర ఒక ప్రాణం పోయేది.

"నవ్వు తమ్మీ! ఇప్పుడు నవ్వు మరి!" అంటూ కొడుతున్నాడు.

మిస్త్రీ బల్ల కిందికి దూరాడు. "ఆగు కాకా! మజాక్ చేసిన్నే!"

"నీ మజాక్‌కు నా ఏళ్లు పోయినయ్ రా!"

నలుగురం పట్టుకుని కర్ర గుంజుకున్నాం. తర్వాత చూసుకుంటే నా చొక్కా మీద రక్తం. మిస్త్రీ కనుబొమ్మదో, ఆయన కట్టులోంచి మళ్లీ ఊరిందో తెలియలేదు.

కాక కరీంనగర్ వైపు నుంచి మహారాష్ట్రలోని భివండీకి వచ్చి ఇరవై ఏళ్లకు పైగా సాంచాలు నడిపిన మనిషి. అక్కడి టెంఘర్‌లో ఆయన సేటు పాత సాంచాలను తుక్కుకు వేసి, నాడె లేని కొత్తరకం యంత్రాలు దించాడు. దాంతో యాభైకి దగ్గరపడిన మనిషి మళ్లీ కొత్తవాడయ్యాడు. మిస్త్రీ ఆయనకన్నా పదిహేనేళ్లు చిన్న. కానీ కొత్త యంత్రాల సంగతిలో మా వాళ్లందరికీ అతని మాటే మాట.

నేను ఒక తెలుగు పత్రికకు ఇక్కడి వార్తలు రాసేవాణ్ని. కరెంటు కోతల కబురు అందరికీ అందాలని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాను. పోను పోను అది సాంచాల రిపేర్ల గ్రూపు అయింది. గొడవకు ముందు ఒకరోజు పొద్దున డ్యూటీ ఎక్కగానే కాక అందులో మాట రికార్డు చేసి పెట్టాడు. వెనక సాంచాల మోత.

"తమ్మీ, పేక తెగితే ఇది దానంతలదే ఆగుతున్నది. ఆగినంక చెయ్యి పెట్టచ్చా? లేకుంటే ఏమన్న బటన్ నొక్కాల్నా?"

మిస్త్రీ వెంటనే జవాబిచ్చాడు. "చెయ్యేంది కాకా, తలకాయే పెట్టు. సల్లగుంటది." ఇంకొకరు, "కాకకు మళ్ల ఒకటో తరగతిల పేరు రాయించుర్రి" అన్నారు. ఆ తర్వాత వరసగా నవ్వే బొమ్మలు. ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. అయినా నేనూ ఒక బొమ్మ పెట్టాను.

పాత సాంచాలో పేక తెగితే మోత ఆగేది, ఆగిందంటే ఆగినట్టే. మోత ఆగగానే ఆలోచన లేకుండా చెయ్యి పోగు మీదికి పోవడం అక్కడ పనితనం. కొత్తది అలా కాదు. తెగిన పోగును వెతుక్కుంటూ తనంతట తాను ఒక తిప్పు వెనక్కి తిరుగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం కాకముందే అలా తిరిగింది. పేకను తట్టే ఇనుప దువ్వెన ముందుకు వచ్చి ఆయన వేళ్లను బట్ట అంచు దగ్గర నొక్కేసింది. కేక విని పక్క సాంచా మనిషి వచ్చి మెయిన్ స్విచ్ తీశాడు. కానీ దువ్వెన ఉన్నచోటే ఉండిపోయింది. దాన్ని చేత్తో వెనక్కి తిప్పేదాకా ఆయన నిలబడే ఉన్నాడట. చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. పోగు ముడి వేసేది ఆ రెండు వేళ్లే.

చాయ్ బండి దగ్గర గొడవైన మర్నాడు మిస్త్రీ ఇంటికి పోయాను. కనుబొమ్మ మీద కుట్లు. అతను చెవి పైన వెంట్రుకలు పక్కకు తీసి పాత మచ్చ చూపించాడు.

"ఇది నేను మొదటిసారి అడిగినందుకు అన్నా. మా ఉస్తాద్ పానాతోని కొట్టిండు. నేను గట్లనే నేర్చుకున్న. కాకను నేను కొట్టలే గద, ఉత్తగ నవ్విన."

"జవాబు చెప్పినంక నవ్వితే అయిపోతుండె" అన్నాను.

అతను వెంట్రుకలు మళ్లీ మచ్చ మీదికి దువ్వుకున్నాడు.

నేను పని నేర్చుకున్న పత్రిక డెస్కులోనూ నోటి దురుసు మనిషి ఒకాయన ఉండేవాడు. ఏదైనా మాట అడిగితే, నా కాగితాన్నే ముఖాన కొట్టేవాడు. కింద పడ్డ కాగితం తీసుకుంటే, నేను అడిగిన చోట సరైన మాట పెన్సిల్‌తో రాసి ఉండేది. ముందు రాసేవాడు, తర్వాతే విసిరేవాడు. ఆయన తిట్లు నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేవు.

పెద్దమనుషులు కూర్చుని ఇద్దరినీ పోలీసుల దాకా పోనివ్వలేదు. వాళ్లు చెప్పినట్టే మిస్త్రీ గ్రూపులో మాట పెట్టాడు. "ఆగినా అది ఆగినట్టు గాదు. ఎర్ర బటన్ నొక్కినంకనే చెయ్యి పెట్టాలె." ఒక్క గుక్కలో చెప్పేశాడు, అంత చిన్న జవాబు. అప్పటికే కాక గ్రూపులోంచి వెళ్లిపోయాడు. టెంఘర్‌లోని ఇంట్లో కూర్చుని ఎడమచేత్తో పోగు ముడి వేయడం నేర్చుకుంటున్నాడని ఆయన భార్య చెప్పింది. ముడి పడుతోంది గానీ, సేటు ఒప్పుకునేంత తొందరగా పడడం లేదట.

కాల్హేర్ రోడ్డు మీద కొత్త సాంచాలు మోసుకొచ్చే లారీలు ఇంకా వస్తూనే ఉన్నాయి. మా గ్రూపులో ఆ రోజు తర్వాత ఇప్పటిదాకా ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.