బంద్ నాడు మోగని గంట

నేను గ్యాస్ ప్యానెళ్ళు బిగించే కంపెనీలో చేరానని ఫోన్ చేసి చెబితే, అనంతపురంలో మా అమ్మ "పొయ్యిలు రిపేరు చేసేదానికా నిన్ను ఇంజినీరింగు చదివించింది?" అంది. అది వంట గ్యాస్ కాదనీ, మంటను ఆర్పే గ్యాస్ అనీ నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మాదాపూర్‌లో ప్రతి ఐటీ ఆఫీసులోనూ సర్వర్లు పెట్టిన గది ఒకటి ఉంటుంది. అక్కడ నిప్పు పుడితే నీళ్ళు పోయకూడదు. అందుకని మూలన పెద్ద సిలిండర్ నిలబెట్టి, బయట తలుపు పక్కన గోడకు ఎర్రటి పెట్టె బిగిస్తాం. అదే ప్యానెల్. లోపల సీలింగుకు పొగను పసిగట్టే డిటెక్టర్లు రెండు వరసలుగా ఉంటాయి. ఒక వరస పసిగడితే గదిలో గంట మోగుతుంది, ఎర్రదీపం తిరుగుతుంది. రెండో వరస కూడా అవునంటే సైరన్‌లా కూసే హూటర్ అందుకుంటుంది. ఇంకాసేపటికి సిలిండర్ తెరుచుకుని గదంతా గ్యాస్ నిండుతుంది. ఆ లోపలే మనిషి బయటికి వచ్చేయాలి. గంట వినబడని మనిషికి ఆ గదిలో పని లేదు.

నా ప్యానెళ్ళకు వైర్లు లాగిన మనిషిని సైట్లో అందరూ కాకా అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. మా నాన్న వయసు. మాదాపూర్ పక్కనే ఉన్న రాయదుర్గం దగ్గరి ఊరు ఆయనది. ఊరంటే అప్పటికే టవర్ల మధ్య మిగిలిన నాలుగు గల్లీలు. వైర్లు నడిచే పైపు తిన్నగా రాలేదనుకుంటే ఎవరూ అడక్కపోయినా విప్పి మళ్ళీ వేసేవాడు. వైరు చివర నంబరు రింగు తొడగనిదే ప్యానెల్లోకి పంపేవాడు కాదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. క్లయింటు మనుషులు నా నెత్తి మీద నిలబడి ఉంటే, ఆయన "అయితది బిడ్డా, జర ఆగు" అనేవాడు. ఆ మాటకు నా ఒళ్ళు ఇంకా మండేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఏ రోజు బంద్ అంటారో తెలిసేది కాదు. ఊరంతటికీ బంద్ అంటే సెలవు, మాకు మాత్రం చేతినిండా పని. ఉద్యోగులు ఉన్న రోజున గంటలు మోగించి చూస్తామంటే ఏ ఆఫీసూ ఒప్పుకోదు. వాళ్ళు ఫోన్లలో పరాయి దేశాల వాళ్ళతో మాట్లాడుతుంటారు. అందుకని వైర్లు మామూలు రోజుల్లో లాగి, గంటలూ హూటర్లూ పరీక్షించడం బంద్ రోజులకు అట్టిపెట్టేవాళ్ళం. ఖాళీ బిల్డింగులో అంతస్తు తర్వాత అంతస్తు, గది తర్వాత గది మోగించుకుంటూ పోయేవాళ్ళం.

కాకా పక్కా తెలంగాణవాది. సాయంత్రాలు వాళ్ళ బస్తీలో దీక్షా శిబిరం దగ్గరే ఉండేవాడు. "మరి బంద్ నాడు పనికెట్లా వస్తాండావ్ కాకా?" అని నేను గిల్లితే, "అందరు బంద్ పెడ్తున్నరు, నేను గంట కొడుతున్న. గంట గొట్టకుంటె ఢిల్లీకి ఎట్ల ఇనవడ్తది?" అనేవాడు.

బంద్ రోజు బస్సులుండవు కాబట్టి కూకట్‌పల్లిలో నా హాస్టల్ దాకా ఆయనే తన పాత బండి మీద వచ్చి ఎక్కించుకునేవాడు. దారిలో రోడ్డుకు అడ్డంగా టైర్లు, రాళ్ళు, కుర్రాళ్ళు. "నువ్ మాత్రం నోరు తెరవకు బిడ్డా" అని ముందే చెప్పేవాడు. నా నోట మాట ఊడిపడితే సీమ పిల్లనని తెలిసిపోతుంది. ఒకసారి ఒకడు బండి ఆపి, నన్ను చూసి, "అక్కా, జై తెలంగాణ అను" అన్నాడు. నేను అనబోతుంటే కాకా అందుకుని, "నా బిడ్డనే. గొంతు బాగలేదు, దవాఖానకు తోల్కపోతున్న" అన్నాడు. వాడు రాళ్ళు పక్కకు జరిపాడు. ఆ రోజంతా సైట్లో కాకా నన్ను మూగపిల్ల అని పిలిచాడు. నాకు ఉక్రోషం వచ్చింది కానీ, నా బిడ్డనే అన్న మాట లోపల ఎక్కడో వెచ్చగా ఉండిపోయింది. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకు అలాంటి మాట చాలా రోజులు సరిపోతుంది.

మేము ఉద్యమం గురించి పోట్లాడుకోలేదని చెప్పను. చాయ్ తాగినప్పుడల్లా మాటకు మాట. ఒకసారి నేను విసుగొచ్చి, "తెలంగాణ వచ్చేది నిజమైతే పేపర్లో వేస్తారులే, చదువుకుందువు" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పేపర్ల సదివేది గాదు బిడ్డా. మా అయ్య ఎన్కటి ఉద్యమంల లాఠీ దెబ్బలు తిన్నడు. వచ్చిందన్న ముచ్చట ఇనకుండనే పోయిండు. నేను నా చెవులతోని ఇనాలె" అన్నాడు. ఆ తర్వాత నేను ఆ విషయంలో ఆయన్ని ఆటపట్టించలేదు.

పరీక్షలో మా పద్ధతి ఒకటుండేది. ముందుగా సిలిండర్ నుంచి వైరు విప్పేసి, దాని బదులు చిన్న బల్బు తగిలిస్తాం. బల్బు వెలిగితే గ్యాస్ వచ్చినట్టు లెక్క. నేను బయట ప్యానెల్ దగ్గర, కాకా లోపల. తలుపు వేశాక ఏసీల హోరులో పిలిస్తే వినబడదు కాబట్టి, నేను ప్యానెల్ మీది పైపును స్క్రూడ్రైవర్‌తో తట్టేదాన్ని. ఆయన లోపల అదే పైపు మీద అరచేయి ఆనించి నిలబడేవాడు. నేను మొదలుపెడుతున్నానని ఆ దెబ్బకు అర్థం. గంట మోగిందా, హూటర్ మోగిందా, ఎర్రదీపం తిరిగిందా అని చూసి ఆయన బయటికి వచ్చి చెప్పేవాడు. గంట కిందే నిలబడేవాడు. చెవుల్లో దూది పెట్టుకోమని ఇస్తే తీసుకునేవాడు కాదు. "నన్ను లోపట నిలవెట్టేదే మోగిందో లేదో ఇనేటందుకు. దూది వెట్టుకుంటె నేనెందుకు, గోడ సాలదా?" అనేవాడు. బంద్ మీద బంద్, గది మీద గది, ఆయన ఆ గంటల కింద నిలబడుతూనే ఉన్నాడు.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం, పై అంతస్తులో కొత్తగా కట్టిన, హూటర్ ఇంకా బిగించని గది. పొద్దున వైర్లు కలుపుతుంటే గంట ఊరికే మోగుతోందని, దాని రెండు వైర్లూ ప్యానెల్లోంచి ఊడదీసి, చివర్లకు టేపు చుట్టి వదిలేశాను. తర్వాత ఆ సంగతి మరిచిపోయాను. తలుపు వేసి, పైపు తట్టి, పరీక్ష మొదలుపెట్టాను. లోపలి నుంచి చప్పుడు అందలేదు, తలుపు మందం అనుకున్నాను. కాకా బయటికి వచ్చాడు. తల ఊపుతూ, "మస్తు మోగింది బిడ్డా" అన్నాడు.

ప్యానెల్ తలుపు మూయబోతే టేపు చుట్టిన రెండు వైర్లు కళ్ళబడ్డాయి. గంట మోగనే లేదు. మోగే వీలే లేదు. ఎర్రదీపం వైరు వేరు కాబట్టి అది తిరిగింది. ఆయన దీపాన్ని చూసి చెప్పాడు.

కాకా నాకు వీపు చేసి కింద కూర్చుని వైరు చుడుతున్నాడు. "కాకా" అన్నాను. చుడుతూనే ఉన్నాడు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. ఖాళీ వరండాలో నా గొంతు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది, ఆయన తల మాత్రం తిరగలేదు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మాట్లాడేటప్పుడు నా నోటి వైపే చూడడం, బండి మీద నేను అడిగినవాటికి పొంతన లేని జవాబులు, ఫోన్ మోగితే నా చేతికి ఇచ్చి మాట్లాడమనడం. వయసు, నిదానం అనుకుని విసుక్కున్నాను.

ముందుకు వెళ్ళి ఊడిన వైర్లు చూపించాను. వంగి, టేపు చుట్టిన చివర్లను వేలితో తడిమాడు.

"ఏమిటికి అబద్ధం చెప్పినావ్?" అన్నాను.

"అబద్ధం గాదు బిడ్డా" అన్నాడు. "నా చెవులల్ల ఎప్పటికీ గంట మోగుతనే ఉంటది. పండుకున్నా మోగుతది. గది లోపటి గంట ఏదో, నా గంట ఏదో తెల్వకుంట అయింది. దీపం తిరిగితె మోగిందనే అనుకుంటున్న."

నేను తిట్టాను. మనిషి ఇంటికి చేరకపోతే ఏం చేసేవాళ్ళమని, ఎప్పుడైనా సిలిండర్ వైరు విప్పడం మరిచిపోతే ఏమయ్యేదని, ఇంట్లో ఆయన భార్య గతేమిటని, ఆపకుండా తిట్టాను. ఆయన నా నోటి వైపు చూస్తూ ఓపిగ్గా కూర్చున్నాడు. నా తిట్లు సగం కూడా ఆయనకు చేరడం లేదని నాకు తట్టేసరికి ఏడుపొచ్చింది. "ఎవలకు చెప్పకు బిడ్డా. పని పోతె ఇంట్ల ఏం జేసుకోను" అన్నాడు. ఆయన అంత చిన్న గొంతుతో అడగడం నేనెప్పుడూ వినలేదు.

చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన్ని గదిలోకి పోనివ్వలేదు. చోట్లు మార్చుకున్నాం. ప్యానెల్ మీటలు నొక్కడం నేర్పించి ఆయన్ని బయట కూర్చోబెట్టి, లోపల గంటల కింద నేను నిలబడ్డాను. ప్యానెల్ మీది దీపాలు చూసి చెప్పడానికి బయట ఆయన, మోత వినడానికి లోపల నేను. మొదటిసారి హూటర్ మోగినప్పుడు పళ్ళు జిల్లుమన్నాయి. ఆయన ఇన్నేళ్ళు ఎంత మోత కింద నిలబడ్డాడో నాకు అప్పుడు తెలిసింది.

కోఠి దవాఖానకు తోలుకెళ్ళాను. మోతకు చెవి నరం దెబ్బతిందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కూడా తగ్గుతుందనీ డాక్టరు చెప్పాడు. అది నేను కాకాకు చెప్పలేక, నా ముఖం పక్కకు తిప్పుకుంటే, "చెప్పకుంటె గూడ తెలుస్తది తియ్యి" అన్నాడు. చెవి మిషన్ పెట్టుకున్నాడు కొన్నాళ్ళు. పాత మైకు లెక్క గీ పెడుతోందని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. సాయంత్రాలు శిబిరానికి మాత్రం వెళ్ళడం మానలేదు. పాటలు పాడుతుంటే అందరితో పాటు చప్పట్లు కొట్టేవాడట. పక్కవాళ్ళ చేతులు చూసి కొట్టేవాడని నాకు తెలుసు.

పార్లమెంటులో బిల్లు పాసైన రోజు మేము మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఉన్నాం. పని రోజు కాబట్టి గంటల జోలికి పోలేదు, పైపులు బిగిస్తున్నాం. నేను నీళ్ళ కోసం క్యాంటీన్‌కు వెళ్ళాను. టీవీ ముందు అందరూ నిలబడి ఉన్నారు. వార్త వచ్చింది. కొందరు ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు. కొందరు ప్లేట్లు అక్కడే వదిలేసి లేచి వెళ్ళిపోయారు. నేను ఏ గుంపులోనూ లేను. ఇన్నేళ్ళు నాదనుకున్న ఈ ఊరు ఇక నాకు పక్క రాష్ట్రం. కింద రోడ్డు మీద అప్పుడే డప్పులు, టపాకాయలు మొదలయ్యాయి. అద్దాలు అదురుతున్నాయి.

కాకా వరండాలో స్టూలు మీద నిలబడి, నాకు వీపు చేసి, గోడకు పైపు బిగిస్తున్నాడు. ఆ బిల్డింగులో ఆ సంగతి తెలియని మనిషి ఆయనొక్కడే. దగ్గరికెళ్ళి పైపు మీద వేలి కణుపుతో తట్టాను. వెంటనే తిరిగాడు. నా కళ్ళు చూసి దిగాడు.

"ఏమైంది బిడ్డా? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"వచ్చింది కాకా" అన్నాను. "తెలంగాణ వచ్చింది."

ఆయన నా పెదాలు చూశాడు. అర్థమైందని ముఖంలోనే తెలిసింది. కళ్ళు మూసుకుని, వంగి, కుడి చెవి నా నోటి దగ్గరికి తెచ్చాడు.

"గట్ల గాదు. చెవుల చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆయన కదలలేదు. గట్టిగా చెప్పాను. "మల్లొకపారి" అన్నాడు. దారిలో నోరు తెరవొద్దని అన్నేళ్ళు నాకు చెప్పిన మనిషి చెవిలో, నా సీమ గొంతుతో, తెలంగాణ వచ్చిందని అరిచాను. వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. నా గొంతు బొంగురుపోయేదాకా అరిచాను.

ఆయన కళ్ళు తెరిచాడు. తడిగా ఉన్నాయి. తల ఊపాడు.

"మస్తు ఇనవడ్డది బిడ్డా" అన్నాడు.

మోగని గంటను మోగిందన్న రోజు కూడా ఆయన ఇట్లాగే తల ఊపాడు. ఈసారి నేను ఏమిటికని అడగలేదు.